పాత కీబోర్డ్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే మిడీ కేబుల్: వైర్లు రెండే, అసలు పని మధ్యలో ఉన్న చిప్‌ది

ఇంట్లో పాత క్యాసియోనో, యమహానో కీబోర్డ్ ఉంటే ఒకసారి దాని వెనక చూడండి. ఐదు రంధ్రాల గుండ్రటి పోర్ట్, దాని పక్కన 'మిడీ అవుట్' అని ఉందా? అయితే దాన్ని ల్యాప్‌టాప్‌కి కలపొచ్చు, కేబుల్ మనమే చేసుకోవచ్చు. కానీ ఒక ఐడియా మాత్రం వద్దు: పాత యూఎస్‌బీ కేబుల్ కోసి, ఆ వైర్లని తిన్నగా ఐదు పిన్నుల ప్లగ్గుకి సోల్డర్ చేయడం. అది ఎన్నిసార్లు చేసినా పని చేయదు. యూఎస్‌బీ, మిడీ రెండూ వేరే వేరే భాషలు, మధ్యలో అనువాదం చేసేవాడు ఉండాలి. పైగా యూఎస్‌బీలోని 5 వోల్టులు వెళ్లకూడని పిన్నుకి వెళ్తే పోర్ట్ పోయే ప్రమాదం కూడా ఉంది.

నందిగామలో మా మామయ్య చర్చిలో కీబోర్డ్ వాయిస్తారు. పెళ్లిళ్ల సీజన్‌లో జగ్గయ్యపేట వైపు ప్రోగ్రాములకీ వెళ్తారు. క్రిస్మస్ పాటలు ల్యాప్‌టాప్‌లో రికార్డ్ చేద్దామని, "రెండు వైర్లే కదా అల్లుడూ, అతికించెయ్" అన్నారు. "పోర్ట్ కాలితే ఈ పాత మోడల్‌కి బోర్డు ఎక్కడ దొరుకుద్ది మామయ్యా?" అన్నాను. ఆయనకి అది సంపాదించి పెట్టే వస్తువు, ప్రయోగాలకి కాదు. అందుకే పద్ధతిగా చేశాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మిడీ కేబుల్‌లో సౌండ్ రాదు. ఏ మీట నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న సమాచారమే వస్తుంది. పాట కాదు, పాటకి స్వరాలు రాసిన కాగితం అనుకోండి. దాన్ని వీణగా వినిపించాలా, పియానోగా వినిపించాలా అన్నది ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

ఈ స్టాండర్డ్ 1983 నాటిది. ఆ జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ షోలో సీక్వెన్షియల్ వాళ్ల ప్రాఫెట్-600ని రోలాండ్ జూపిటర్-6కి కలిపి చూపించారు. రెండు పోటీ కంపెనీల వాయిద్యాలు! వేగం సెకనుకి 31,250 బిట్లు. ఒక బైట్‌కి 320 మైక్రోసెకన్లు, మూడు బైట్ల నోట్ మెసేజ్‌కి దాదాపు ఒక మిల్లీసెకను.

అప్పుడే వాళ్లు పెట్టిన ఒక నియమం నాకు చాలా నచ్చుతుంది. సిగ్నల్ అందుకునే వైపు ఆప్టోకప్లర్ ఉండాలి. దాని లోపల చిన్న ఎల్‌ఈడీ, ఎదురుగా వెలుతురుని గుర్తించే సెన్సర్. కీబోర్డ్ నుంచి వచ్చే 5 మిల్లీయాంపుల కరెంట్ ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పుతుంది, అవతలి వైపు ఆ వెలుతురునే చదువుతుంది. రెండు యంత్రాల మధ్య కరెంట్ దారి అనేదే ఉండదు. మన దగ్గర దీని విలువ ఇంకా ఎక్కువ. ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ మెటల్ బాడీ తాకితే సన్నగా జివ్వుమంటుంది చూడండి, ఎర్తింగ్ లేనిచోట అది మామూలే. కీబోర్డ్‌కి ఒక అడాప్టర్, యాంప్లిఫయర్‌కి ఇంకో ప్లగ్గు, అన్నీ కలిస్తే స్పీకర్లో 'గుయ్' మనే హమ్మింగ్. మరీ చవక మిడీ కేబుళ్లు కొన్నింటిలో ఈ చిప్ ఎగ్గొడతారు. కొనేవాళ్లయినా ఇది ఉందో లేదో చూసుకోండి.

కావాల్సినవి: ఏటీమెగా32యూ4 చిప్ ఉన్న ప్రో మైక్రో బోర్డ్ (5 వోల్టుల, 16 మెగాహెర్ట్జ్ రకమే తీసుకోండి), 6ఎన్138 ఆప్టోకప్లర్, 1ఎన్4148 డయోడ్, 220 ఓమ్, 470 ఓమ్, 10 కిలోఓమ్ రెసిస్టర్లు ఒక్కొక్కటి, ఐదు పిన్నుల డిన్ ప్లగ్. ఖర్చంతా బోర్డుదే, మిగతావి పదుల రూపాయల సామాన్లు. హైదరాబాద్ వెళ్తే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి.

ప్లగ్గులో నడిమి పిన్ను 2, దానికి అటూ ఇటూ ఉన్నవి 4, 5. చివరి రెండూ వదిలేయండి. 4ని 220 ఓమ్ ద్వారా 6ఎన్138 రెండో కాలికి, 5ని తిన్నగా మూడో కాలికి ఇవ్వండి. ఆ రెండు కాళ్ల మధ్య డయోడ్, దాని గీత ఉన్న వైపు రెండో కాలికి. ఎనిమిదో కాలు 5 వోల్టులకి, ఐదోది గ్రౌండ్‌కి. ఆరోది బోర్డు మీద ఆర్‌ఎక్స్‌ఐ పిన్నుకి, అక్కడి నుంచే 470 ఓమ్ ద్వారా 5 వోల్టులకి కూడా. ఏడో కాలి నుంచి గ్రౌండ్‌కి 10 కిలోఓమ్ పెట్టండి, లేకపోతే చిప్ ఆరడం నెమ్మదించి బైట్లు చెడిపోవచ్చు. ప్లగ్గులోని 2ని బోర్డు గ్రౌండ్‌కి కలపొద్దు, కలిపితే ఆప్టోకప్లర్ పెట్టి లాభం లేదు. 4, 5 తారుమారైతే ఏ నోటూ రాదు అంతే. డయోడ్ కాపాడుతుంది, మార్చి సోల్డర్ చేయండి.

కోడ్ దగ్గర ఒక మెలిక ఉంది. "మూడేసి బైట్లు చదివి యూఎస్‌బీకి పంపిస్తే సరి" అనిపిస్తుంది. కానీ వరసగా ఒకే రకం మెసేజ్‌లు వస్తే కీబోర్డ్ మొదటి బైట్‌ని మళ్లీ పంపకపోవచ్చు, దాన్ని రన్నింగ్ స్టేటస్ అంటారు. వేగం సున్నాతో వచ్చిన నోట్ ఆన్ అంటే మీట వదిలినట్టే లెక్క. చాలా కీబోర్డులు మధ్యమధ్యలో 'నేనున్నాను' అని ఒంటరి బైట్ పంపుతుంటాయి. మూడేసి లెక్కపెట్టే కోడ్ అక్కడే దారి తప్పుతుంది, నోటు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అందుకని ఇవన్నీ చూసుకునే ఫార్టీసెవెన్‌ఎఫెక్ట్స్ మిడీ లైబ్రరీతో చదివి, మిడీయూఎస్‌బీ లైబ్రరీతో పంపండి. సీరియల్1ని 31250 దగ్గర పెట్టాలి. 16 మెగాహెర్ట్జ్ క్లాక్‌ని సరిగ్గా 512తో భాగిస్తే వచ్చే అంకె అది, అందుకే టైమింగ్ తేడా రాదు. విండోస్ దీన్ని మామూలు మిడీ పరికరంగా గుర్తిస్తుంది, వేరే డ్రైవర్ అక్కర్లేదు.

మీట నొక్కాక సౌండ్ లేటుగా వస్తే మాత్రం కేబుల్‌ని తిట్టకండి. అది ఆడియో బఫర్ సంగతి. 44,100 హెర్ట్జ్ దగ్గర 1024 శాంపిల్స్ అంటే 23 మిల్లీసెకన్లు, 256 అంటే 6 లోపే. ఏసియో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసుకుని 256కి తగ్గించండి. ల్యాప్‌టాప్ మరీ పాతదై టపటపమని శబ్దాలొస్తే 512 దగ్గర ఆపేయండి.