కప్పలకు సోకిన చర్మపు తెగులు

షోలాపూర్‌లోని అశోక్ చౌక్ వాడల్లో మగ్గాల చప్పుడు నడుమ తెలుగు మాట వినిపిస్తుంది. తెలంగాణ పల్లెల నుండి తరాల క్రితం తరలివచ్చిన పద్మశాలీ కుటుంబాల నివాసమది. ఆ పల్లెలలో వానలు మొహం చాటేసిన ఏట కప్పతల్లి ఆట ఆడేవారు. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటా నీళ్లు పోయించేవారు. కప్ప అరిస్తే వాన వస్తుందన్నది నమ్మకం. నిజానికి తొలకరి పడినందువల్లనే మగకప్ప ఆడకప్పను పిలుస్తుంది. అయితే వాన కురిసినా కప్ప కూత వినిపించని చోట్లు ప్రపంచంలో నేడు అనేకం ఉన్నాయి.

1970ల చివరి నుండి ఆస్ట్రేలియా, మధ్య అమెరికా కొండవాగులలో కప్పలు ఉన్నట్టుండి మాయం కాసాగాయి. గుడ్లను మింగి కడుపులోనే పిల్లలుగా పెంచి నోటి గుండా బయటకు వదిలే వింత కప్ప ఒకటి ఆస్ట్రేలియాలో ఉండేది. 1980ల మధ్య నాటికి అది కనుమరుగైంది. అడవి చెక్కు చెదరలేదు, నీరు చెడలేదు. మరి కప్పలెందుకు చచ్చాయి? జవాబు 1998లో దొరికింది. కైట్రిడ్ అనే శిలీంధ్రం, అంటే ఒక రకపు బూజు, వాటి చర్మాన్ని పట్టి చంపుతున్నదని తేలింది.

కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. శ్వాసలో కొంత భాగమూ చర్మం ద్వారానే. ఒంటిలోని లవణాల పాళ్లను నిలిపేదీ ఆ చర్మమే. బూజు పట్టి చర్మం మందమైతే సోడియం, పొటాషియం తగ్గిపోయి చివరకు గుండె ఆగుతుంది. తోకకప్పలకు ఈ తెగులు నోటి భాగాలకే పరిమితం కనుక అవి సాధారణంగా బ్రతుకుతాయి. కాళ్లు వచ్చి కప్పగా మారిన తరువాత చస్తాయి. అందువల్ల గుంటలో తోకకప్పలు కళకళలాడుతున్నా నిశ్చింతగా ఉండరాదు. ఈ బూజు మనుషులకు సోకదు.

2019లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ఈ తెగులు వల్ల 501 జాతుల ఉభయచరాలు క్షీణించాయి, అందులో 90 అంతరించాయి. ఆ లెక్కను కొందరు శాస్త్రజ్ఞులు ప్రశ్నించారు. నష్టం భారీదన్న మాటను మాత్రం ఎవరూ కాదనలేదు. బూజు పుట్టిల్లు తూర్పు ఆసియా అని 2018 నాటి జన్యు పరిశోధన సూచించింది. సజీవ కప్పల వ్యాపారమే దానిని ఖండాలు దాటించిందని భావిస్తున్నారు.

మన దగ్గర సంగతేమిటి? మహారాష్ట్రలోనే, సహ్యాద్రి ఉత్తర భాగపు కప్పలలో ఈ శిలీంధ్రం ఉన్నట్లు 2013లో పరిశోధకులు ప్రకటించారు. అది ఆసియాకు చెందిన రకం. అమెరికాలో వలె కప్పలు కుప్పలుగా చచ్చిన దాఖలా అక్కడ కానరాలేదు. ఎంతో కాలంగా కలసి బ్రతుకుతున్నందున తట్టుకుంటున్నాయేమో. పైగా ఈ బూజుకు చల్లదనం కావాలి. షోలాపూర్ ఎండలకు అది నిలవడం కష్టం. మైదానపు కప్పలకు అసలు శత్రువులు ఎండిన కుంటలు, పూడ్చిన చెరువులు, పొలాల మందులు. కాళ్ల ఎగుమతి కోసం సాగిన వేట కూడా ఒకప్పుడు తక్కువది కాదు. దానిని ప్రభుత్వం 1987లో నిషేధించింది.

కప్ప పోతే ఏమి పోతుందో కోస్టారికా, పనామాలు చూశాయి. తెగులు కప్పలను తుడిచిపెట్టిన ప్రాంతాలలో ఆ తరువాత కొన్నేళ్లపాటు మలేరియా పెరిగిందని 2022లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. దోమపిల్లలను తినే నోళ్లు తగ్గడమే కారణమని పరిశోధకుల అభిప్రాయం. కానీ ఇంటి డ్రమ్ములో పెరిగే డెంగీ దోమను ఏ కప్పా తినలేదు. రోజుల తరబడి నీరు నిలవ చేసుకునే నేతవాడల్లో డ్రమ్ముకు మూత బిగించడం, వారానికోసారి ఖాళీ చేసి ఆరబెట్టడం ఇంటివారి పనే.

సహ్యాద్రి వాగులకు వెళ్లినవారు తోకకప్పలను సీసాలలో పట్టి ఊరికి తేకుండుట మంచిది. తడిసిన చెప్పులను కడిగి ఎండలో బాగా ఆరబెట్టాలి. తడి లేనిదే ఈ బూజు బ్రతకదు.