మిద్దె మీది బిళ్ళల కింద నీటి దారి

కాట్పాడి, గుడియాత్తం స్టేషన్ల మధ్య రైలు మార్గంలో ఉన్న లత్తేరిలోనూ, చుట్టుపక్కల వేలూరు ప్రాంతపు ఊళ్ళలోనూ మిద్దె పైకప్పు మీద ఎర్రమట్టి బిళ్ళలు పరచడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండను, ఆ తరువాతి నెలల్లో సాయంకాలపు ఉరుముల వానలను, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల ముసురును ఒకే కప్పు ఓర్చుకోవలసి వస్తుంది. 2020 నవంబరులో నివర్ తుఫాను, మరుసటి ఏడాది అదే నెలలో పాలారు వరద వచ్చినప్పటిలాగా వాన ఎడతెగకుండా కురిస్తే, కప్పులో ఏళ్ళుగా దాగి ఉన్న లోపాలు బయటపడతాయి. గదిలో చెమ్మ మచ్చ కనబడగానే దానికి సరిగ్గా పైనున్న బిళ్ళ మీద సిమెంటు పూయడం, మరుసటి వానకు ఆ మచ్చ మళ్ళీ రావడం చాలా ఇళ్ళలో జరిగే పనే. బిళ్ళ చేసే పని ఏది, నీటిని ఆపే పని దేనిది అన్నది వేరుచేసి చూడకపోవడమే దీనికి మూలం.

మద్రాసు టెర్రస్ అని పేరుపడిన పాత పద్ధతిలో టేకు దూలాల మీద సన్నని ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఐమూలగా సున్నంతో పేర్చి, వాటిపైన ఇటుక ముక్కలను సున్నంతో కలిపి మందమైన పొరగా పరిచేవారు. ఆ పొర మీద బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీరు చల్లుతూ కూలీలు వరుసగా కూర్చుని, పొర గట్టిపడేదాకా రోజుల తరబడి చెక్క దిమ్మిసలతో కొట్టి, చివరికి దానిపైన మట్టి బిళ్ళలు పరిచేవారు. కాంక్రీటు శ్లాబులు వచ్చాక దూలాలు పోయినా, సుమారు మూడంగుళాల సున్నపు పొర, దానిపై బిళ్ళలు అనే వరుస తమిళనాట నిలిచింది; ఇటువంటి సున్నపు కాంక్రీటు పరిచే విధానానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 3036 అనే ప్రమాణాన్ని కూడా ఏర్పరచింది. ఈ నిర్మాణంలో నీటిని అడ్డుకునేవి గట్టిగా కొట్టిన ఆ పొర, దానికి ఇచ్చిన వాలు. కాల్చిన మట్టి బిళ్ళ కొంత నీటిని పీల్చుకుంటుంది, దాని సందులలోని సిమెంటు కూడా పీల్చుకుంటుంది. కాబట్టి బిళ్ళ ఎండకూ రాపిడికీ కాపు మాత్రమే.

కప్పు చెడడానికి నీటికంటే ముందు ఎండ కారణమవుతుంది. 10 మీటర్ల పొడవున్న కాంక్రీటు 30 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 3 మిల్లీమీటర్లు సాగి, చల్లబడగానే ముడుచుకుంటుంది. ఈ కదలిక ఏటేటా సాగడం వల్ల శ్లాబు, పిట్టగోడ కలిసే చోట సన్నని చీలిక ఏర్పడుతుంది. వానగొట్టం మూతి, నీళ్ళ ట్యాంకు దిమ్మెలు, కప్పును తొలుచుకుని దిగే పైపుల చుట్టూ ఉన్న అతుకులు కూడా ఇలాగే వదులవుతాయి. అక్కడ దిగిన నీరు బిళ్ళల కింద వాలు వెంబడి పాకి, శ్లాబులో బలహీనమైన చోటు దొరికిన తరువాతే గదిలోకి కారుతుంది. అందుచేత మచ్చ ఉన్న చోటికీ నీరు దిగిన చోటికీ మధ్య చాలా దూరం ఉండవచ్చు.

కారణాన్ని వెదకడం కాలాన్ని గమనించడంతో మొదలు కావాలి. వాన లేని రోజుల్లోనూ చెమ్మ తగ్గకపోతే ముందుగా పైపులనూ ట్యాంకునూ అనుమానించి, రాత్రి కుళాయిలన్నీ కట్టివేసి, ట్యాంకులో నీటి మట్టానికి గుర్తు పెట్టి, తెల్లవారి చూడాలి. వాన పడిన వెంటనే కారితే చీలిక తెరిచి ఉన్నట్టు, వాన వెలిసిన ఒకటి రెండు రోజులకు కారితే బిళ్ళల కింది పొర నీటిని నింపుకుని మెల్లగా వదులుతున్నట్టు భావించవచ్చు. తరువాత ఒక్కొక్క బిళ్ళను చెక్కపిడితో తట్టి, బోలు శబ్దం వచ్చిన వాటికి సుద్దతో గుర్తు పెట్టాలి. చివరిది నీరు నిలిపే పరీక్ష: తూము మూసి, మిద్దెను మట్టి గట్లతో భాగాలుగా విడగొట్టి, ఒక్కొక్క భాగంలో రెండంగుళాల నీటిని 24 నుంచి 48 గంటలు ఉంచి, కింద గదిని గమనిస్తే నీరు దిగే భాగం తేలుతుంది. అయితే రెండంగుళాల నీరు చదరపు మీటరుకు 50 కిలోల బరువు గనుక, పాత దూలాల మిద్దెల మీదా, పెచ్చులూడుతున్న శ్లాబుల మీదా ఈ పరీక్ష చేయరాదు.

మరమ్మతుకు వరుస ముఖ్యం. ముందు తూములను శుభ్రం చేసి, ఐదడుగులకు ఒక అంగుళం చొప్పున వాలు ఉన్నదో లేదో చూడాలి. బోలు బిళ్ళలు కొన్నే అయితే వాటిని తీసి, కింది పొర ఆరాక తిరిగి పరచి, సందులను అర అంగుళం లోతు వరకు గీకి పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపవచ్చు. పిట్టగోడ మొదట్లో మూలను గుండ్రంగా తీర్చి, కదలిక ఉండే చీలికలో సాగే గుణమున్న పాలియురిథేన్ సీలెంటు నింపాలి. అక్కడ ఉత్త సిమెంటు నింపితే మరుసటి వేసవికే మళ్ళీ విడుతుంది. కింది పొర అంతా తడిసి పొడి అవుతుంటే మొత్తం తొలగించి, శ్లాబు మీద గాజునార వలతో రెండు పూతల నీటి నిరోధక పొర వేసి, దానిని పిట్టగోడ మీదికి ఒక అడుగు ఎత్తు వరకు తీసుకువెళ్ళి, నీరు నిలిపి పరీక్షించిన తరువాతే వాలు పొరనూ బిళ్ళలనూ పరచాలి. పాత బిళ్ళల మీదే కొత్తవి అతికించడం వల్ల లోపలి తడి బయటికి పోలేదు, కప్పుకు బరువు మాత్రం పెరుగుతుంది. గది లోపలి నుంచి రంగు పూయడం వల్ల మచ్చ కనుమరుగవుతుంది గాని, శ్లాబులోని ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, పెచ్చులు రాల్చడం ఆగదు.

ఈ ప్రాంతంలో ఇటువంటి పనికి సంక్రాంతి తరువాతి పొడి నెలలు తగినవి. ఎండ ముదిరితే సిమెంటు పని తెల్లవారుజామునే ముగించి, తడి గోనెలు కప్పి ఉంచాలి. మేస్త్రీతో పని మాట్లాడుకునేటప్పుడే నీరు నిలిపే పరీక్ష పనికి ముందొకసారి, బిళ్ళలు పరచక ముందొకసారి జరగాలని ఒప్పుకోవడం ఇంటివారికి మేలు. ఏ పూత కొనాలన్న ప్రశ్న నీరు ఎక్కడ దిగుతున్నదో తెలిసిన తరువాత వేసుకోవలసినది. ఆ క్రమం పాటించిన ఇంట్లో ఖర్చు ఒక్కసారితో పోతుంది, కప్పు కింద పడుకునే పిల్లలకూ పెద్దలకూ భద్రత ఉంటుంది.