‘సికో’ డాక్యుమెంటరీ: ఆరోగ్యబీమా నిరాకరణ భాష – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికా ఆరోగ్యబీమా వ్యవస్థను విమర్శిస్తూ మైకేల్ మూర్ రూపొందించిన ‘సికో’ (2007) తీవ్ర వివాదానికి దారితీసిన డాక్యుమెంటరీ. చికిత్సను నిరాకరించడానికి బీమా సంస్థలు వాడే పదజాలాన్ని ఈ చిత్రం ఎలా బయటపెట్టిందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ పదజాలాన్ని సాక్ష్యంగా నిలిపిన చోట చిత్రం బలంగా ఉందనీ, ఇతర దేశాలతో పోల్చిన చోట పలచబడిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సికో, మైకేల్ మూర్, డాక్యుమెంటరీ, ఆరోగ్యబీమా, నిరాకరణ, పదజాలం.

1. ఉపోద్ఘాతం:
‘సికో’ 2007 మే నెలలో కాన్ చలనచిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శితమైంది. ఉత్తమ డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందింది. ఆంగ్ల వాడుకలో ‘సికో’ అంటే వికృతమైన మనస్తత్వం గలవాడు. జబ్బును సూచించే ‘సిక్’ అనే మాటకు ఇది నిందార్థకమైన రూపం. జబ్బుపడిన మనిషిని చూపుతూ జబ్బుపడిన వ్యవస్థ గురించి మాట్లాడటమే చిత్రం పద్ధతి అని శీర్షికే చెబుతుంది.

చిత్రం ప్రారంభంలో బీమా లేని ఇద్దరు కనిపిస్తారు. ఒకరు తన మోకాలి గాయానికి తానే కుట్లు వేసుకుంటారు. మరొకరి రెండు వేళ్ల కొనలు రంపానికి తెగిపోతాయి. మధ్యవేలిని అతికించడానికి 60,000 డాలర్లు, ఉంగరపు వేలికి 12,000 డాలర్లు అవుతాయని తెలిసి, ఆయన ఉంగరపు వేలిని ఎంచుకుంటారు. అయితే తన చిత్రం వీరి గురించి కాదని మూర్ వెంటనే ప్రకటిస్తాడు. బీమా ఉన్న 25 కోట్ల మందే తన కథావస్తువు అంటాడు. చిత్రానికి మూలమైన మలుపు ఇదే. బీమా లేకపోవడం సమస్య అయితే దానికి పరిష్కారం బీమా కొనడం. బీమా ఉన్నవారికే చికిత్స అందకపోతే, ప్రశ్న బీమా స్వభావం మీదికి మళ్లుతుంది.

2. నిరాకరణ పదజాలం:
చిత్రంలోని బాధితుల కథనాలు విడివిడిగా కనిపించినా, వాటన్నిటినీ కలిపే సూత్రం భాష. ప్రతి కథలోనూ ఒక సాంకేతిక పదం రోగికీ వైద్యానికీ మధ్య అడ్డు నిలుస్తుంది.

2.1 ముందస్తు అనుమతి: కారు ప్రమాదంలో స్పృహ తప్పిన ఒక మహిళను అంబులెన్సులో ఆసుపత్రికి తరలిస్తారు. ముందుగా అనుమతి తీసుకోలేదన్న కారణంతో అంబులెన్సు ఖర్చు చెల్లించడానికి బీమా సంస్థ నిరాకరిస్తుంది. స్పృహలేని మనిషి అనుమతి ఎప్పుడు కోరాలన్నదే ఆమె ప్రశ్న. నిబంధనలోని వైరుధ్యాన్ని బయటపెట్టడానికి దర్శకుడి వ్యాఖ్య అవసరం లేకపోయింది.

2.2 ముందే ఉన్న వ్యాధి: బీమా తీసుకునే నాటికే ఉన్న జబ్బును ‘ప్రీ ఎగ్జిస్టింగ్ కండిషన్’ అంటారు. బీమాకు అనర్హులను చేసే వ్యాధుల పేర్లను మూర్ ‘స్టార్ వార్స్’ చిత్రాల ఆరంభ అక్షరాల తరహాలో అంతరిక్షంలోకి పాకిస్తాడు. జాబితా ఎంతకీ ముగియకపోవడంలోనే హాస్యం, విమర్శ రెండూ ఉన్నాయి. అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగు తల్లిదండ్రుల సందర్శక బీమా పత్రాల్లోనూ సాధారణంగా ఈ మాట ఎదురవుతుంది. మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి దాని బరువు వేరే చెప్పనక్కరలేదు.

2.3 వైద్యనష్టం: రోగి చికిత్సకు చెల్లించిన సొమ్మును బీమా రంగం ‘మెడికల్ లాస్’ అంటుందని చిత్రం తెలియజేస్తుంది. రోగికి మేలు అయినది సంస్థ లెక్కలో నష్టంగా నమోదవుతుంది. చిత్రంలోని విమర్శ అంతా ఈ ఒక్క పదంలో ఇమిడి ఉంది.

3. లోపలి సాక్ష్యం:
ఈ పదాలు మనుషుల ప్రాణాలతో ఎలా ముడిపడతాయో లిండా పీనో సాక్ష్యం చూపుతుంది. హ్యుమానా సంస్థలో వైద్య సమీక్షకురాలిగా పనిచేసిన ఆమె 1996లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ఎదుట మాట్లాడిన దృశ్యాన్ని మూర్ వాడుకున్నాడు. 1987లో ఒక రోగికి అవసరమైన శస్త్రచికిత్సను తాను నిరాకరించాననీ, అది అతని మరణానికి కారణమైందనీ, సంస్థకు మాత్రం ఐదు లక్షల డాలర్లు మిగిలాయనీ ఆమె ఒప్పుకున్నారు. అందుకు తనను ఎవరూ తప్పుపట్టకపోగా, తన ఉద్యోగోన్నతికి అది తోడ్పడిందని కూడా చెప్పారు. ఇక్కడ మూర్ వ్యంగ్యం ఆగిపోతుంది. పాత దృశ్యం తనంత తానే మాట్లాడుతుంది.

4. పోలికల పరిమితి:
చిత్రం ఉత్తరార్ధం కెనడా, బ్రిటన్, ఫ్రాన్స్, క్యూబాలకు వెళుతుంది. బ్రిటన్ ఆసుపత్రిలో నగదు కౌంటరు వెదుకుతూ వెళ్లిన మూర్‌కు, అది రోగుల నుంచి డబ్బు తీసుకునేది కాదనీ, పేద రోగులకు ప్రయాణ ఖర్చులు చెల్లించేదనీ తెలుస్తుంది. దృశ్యం ఆకట్టుకుంటుంది. కానీ కెనడా, బ్రిటన్‌లలో చికిత్స కోసం నెలల తరబడి ఎదురుచూసే రోగుల గొంతు ఇందులో దాదాపు వినిపించదు.

2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత శిథిలాల మధ్య పనిచేసి జబ్బుపడిన సహాయకులను మూర్ క్యూబాకు తీసుకువెళ్లడం చిత్రంలో అత్యంత వివాదాస్పదమైన ఘట్టం. ఆంక్షల ఉల్లంఘన కోణంలో అమెరికా ట్రెజరీ శాఖ దీనిపై విచారణ చేపట్టింది. కెమెరా వెంట వచ్చిన విదేశీ అతిథులకు దక్కిన వైద్యం సాధారణ క్యూబా పౌరుడికీ అలాగే దక్కుతుందని చెప్పడానికి ఆ దృశ్యం చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 నాటి జాబితాలో అమెరికా 37వ స్థానంలో ఉందని చిత్రం నొక్కిచెబుతుంది. అదే జాబితాలో క్యూబా స్థానం 39.

5. తదనంతర పరిణామాలు:
సిగ్నా సంస్థలో ప్రజాసంబంధాల అధికారిగా పనిచేసి బయటికి వచ్చిన వెండెల్ పాటర్, ఈ చిత్రం విశ్వసనీయతను దెబ్బతీయడానికి బీమా రంగం పథకం వేసిందని తరువాత వెల్లడించారు. చిత్రం చెప్పిన ప్రధాన విషయం నిజమేనని కూడా అంగీకరించారు.

2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ చట్టం, ముందే ఉన్న వ్యాధి కారణంగా బీమాను నిరాకరించడాన్ని 2014 నుంచి నిషేధించింది. ప్రీమియం ఆదాయంలో కనీసం 80 శాతం, పెద్ద సంస్థల ఉద్యోగుల బీమాలో 85 శాతం, చికిత్సకూ సేవల నాణ్యతకూ ఖర్చు చేయాలని విధించింది. ఆ నిష్పత్తికి నేటికీ ‘మెడికల్ లాస్ రేషియో’ అనే పేరే ఉంది. నియమం మారింది, మాట మారలేదు. ఈ చట్టాన్ని ఒక చిత్రం ఫలితంగా భావించడం సరికాదు. ముందస్తు అనుమతి విధానం నేటికీ కొనసాగుతూనే ఉంది.

6. ముగింపు:
• బీమా లేనివారి నుంచి ఉన్నవారి వైపు దృష్టిని మళ్లించడం ‘సికో’ వాదనలోని మౌలికాంశం.
• బీమా రంగం భాషను, అందులో పనిచేసినవారి ఒప్పుకోలును యథాతథంగా వినిపించిన చోట చిత్రాన్ని ఖండించడం కష్టం. ఇతర దేశాలను ఆదర్శాలుగా నిలిపిన చోట సందేహానికి తావిచ్చింది.
• డాక్యుమెంటరీని అధ్యయనం చేసేవారు అందులోని దృశ్యాలతో పాటు పదాలనూ పరిశీలించాలి. చికిత్స అందక మరణించిన మనిషి కాగితం మీద ఒక ‘నిరాకరించిన క్లెయిమ్’గా మిగిలిపోతాడు. ఆ పదం వెనుక ఉన్న మనిషిని తిరిగి చూపించగలగడమే ‘సికో’ సాధించిన ప్రయోజనం.