కొత్త బ్యాండ్ సా బ్లేడు చుట్ట విప్పే ముందు ఒక్క నిమిషం ఆగండి

జీవామృతం, కషాయాల వీడియోలు చాలా చూశారు. ఈసారి కొంచెం వేరే విషయం. పై వీడియోలో మా ఊరి వడ్ల పెద్దాయన కొత్త బ్యాండ్ సా బ్లేడు చుట్టను ఎట్ల విప్పుతున్నాడో చూడండి. అందులో మాటలు తక్కువ కాబట్టి వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

మా చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు టమాట, కూరగాయలు, పూలు ఎక్కువ. టమాటకు ఊతకర్రలు, నారు ట్రేలు పెట్టే చెక్క పెట్టెలు, జీవామృతం కలిపే తెడ్లు ఏటా కావాలి. గట్ల మీది గ్లైరిసీడియా, సుబాబుల్, వేప కొమ్మలే మేం వాడుకుంటాం. పెద్దాయన షెడ్డులో చిన్న బ్యాండ్ సా ఉంది. కర్ర మాది, కోత ఆయనది. బ్లేడు అరిగితే మేమే కొనుక్కొస్తాం.

పోయిన టమాట సీజన్లో నేను, మా బామ్మర్ది మొయినాబాద్ పోయి కొత్త బ్లేడు తెచ్చినం. ఆ మర్రిచెట్ల రోడ్డు మీద గుంతలు తప్పించుకుంటూ వస్తుంటే, చుట్ట బామ్మర్ది భుజానికే వేలాడుతోంది. అదే మొదటి తప్పు. దారిలో బైకు పడి ఉంటే ఆ పళ్ళు మెడకే తగిలేవి.

రెండో తప్పు షెడ్డు కాడ జరిగింది. పెద్దాయన ఇంకా రాలేదు. బామ్మర్ది స్టూలు మీద కూర్చొని, చుట్ట ఒడిలో పెట్టుకొని, కటింగ్ ప్లయర్ తీసిండు. "పెద్దాయన వచ్చేదాకా ఆగరాదు" అన్నాను. "ఏం కాదు బావా, తీగ తెంపితే అదే విచ్చుకుంటది" అన్నడు. నిజంగానే విచ్చుకుంది. రెప్పపాటులో మూడు రింగులూ ఎగిరి ఒక్క చక్రమైనయి. ఎడమ అరచెయ్యి నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. ఆరు కుట్లు పడ్డయి. అదే దెబ్బ జానెడు పైకి తగిలితే కన్నే పోయేది. మూడు వారాలు ఆవు పాలు పిండలేదు, పేడ ముట్టలేదు, ఊతకర్ర పాతలేదు. కాపు సగం నేల మీద పడి కుళ్లింది.

పెద్దాయన వచ్చి చూసి ఒక్కటే మాటన్నడు: "మిషన్ నడుస్తుంటే అందరూ భయపడతరు. ఆగి ఉన్న బ్లేడుకు ఎవ్వరూ భయపడరు."

అసలు ఎందుకు ఎగురుతుంది?

మా మిషన్‌కు పట్టే బ్లేడు పొడవు సుమారు 12 అడుగులు. విప్పితే దాదాపు 4 అడుగుల చక్రం. దాన్ని మూడు రింగులుగా మడిచి, తీగతోనో ప్లాస్టిక్ ట్యాగుతోనో కట్టి అమ్ముతారు. అంటే అది బలవంతంగా వంచి పెట్టిన స్ప్రింగు. కట్టు తెగితే వెంటనే అసలు ఆకారానికి పోవాలని చూస్తుంది. పైగా ఒక అంచు పొడవునా పళ్ళు.

పెద్దాయన చూపించిన పద్ధతి

1. చుట్టూ ఆరడుగులు ఖాళీ ఉండాలి. పిల్లలను, కుక్కను దూరం పంపండి. కింద గోనె సంచి పరవండి. బండ మీద విప్పితే పళ్ళు మొద్దుబారతాయి.

2. మందం తోలు గ్లౌజులు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా, బూట్లు వేసుకోండి. చెప్పులతో వద్దు. బట్ట గ్లౌజులైతే పళ్ళు దిగిపోతాయి.

3. కట్టు తెంపే ముందు చూడండి. ఎన్ని కట్లు ఉన్నాయి? పళ్ళు ఎటు ఉన్నాయి? ఏ రింగు పైన ఉంది?

4. చుట్టను సంచి మీద పెట్టి, ఒక అంచున మూడు రింగులూ కలిపి బూటుతో తొక్కి పట్టండి. ఎదుటి అంచున మూడింటినీ ఒక చేత్తో గట్టిగా పట్టుకోండి. ముఖం పక్కకు పెట్టి, రెండో చేత్తో కట్లు ఒక్కొక్కటిగా తెంపండి. ఇద్దరుంటే ఈ పని రెండోవారికి ఇవ్వండి.

5. ప్లయర్ పక్కన పెట్టాక, పట్టు మెల్లగా వదులుతూ ఒక్కో రింగు విచ్చుకోనివ్వండి. చివరికి కాలు తీసి వెనక్కి జరగండి.

6. చెయ్యి జారితే పట్టుకోబోవద్దు. వదిలేసి వెనక్కి దూకండి. బ్లేడు మళ్లీ కొనొచ్చు.

విప్పినాక నూనె తుడిచి, అతుకు దగ్గర పగులు ఉందేమో చూడండి. తుడిచేటప్పుడు గుడ్డను పళ్ళు వాలిన వైపుకే లాగండి, ఎదురు లాగితే చిక్కుకుంటుంది. మిషన్‌కు ఎక్కించే ముందు కరెంటు ప్లగ్గు పీకాలి. నిలువు మిషన్ అయితే టేబుల్ దగ్గర పళ్ళ మొనలు కిందికి చూడాలి. పైకి ఉంటే బ్లేడు లోపలి వైపు బయటికి తిప్పి ఎక్కించండి. ఇంకో మాట: మిషన్ నడిచేటప్పుడు గ్లౌజులు తీసేయాలి. పళ్ళకు గ్లౌజు తగిలితే చెయ్యిని కూడా లాగుతుంది.

మళ్లీ చుట్టి పెట్టేటప్పుడు తీగ కన్నా పాత సైకిల్ ట్యూబు ముక్కలు మేలు. మూడు చోట్ల కట్టండి. బండి మీద తెచ్చేటప్పుడు అట్టపెట్టెలో పెట్టి, వెనక సీటుకు కట్టండి. భుజానికి మాత్రం వద్దు.

గాయమైతే

మన పని పేడతో, మట్టితో. ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవులు ఉండేది అక్కడే. పసుపు, కాఫీపొడి అద్దకండి. పారే నీళ్లతో, సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టండి. టీటీ ఇంజెక్షన్ గురించి డాక్టర్‌ను అడగండి. వేలు వంగకపోయినా, తిమ్మిరి పట్టినా ఆలస్యం చేయొద్దు, నేరుగా ఆస్పత్రికే. గాయం మానేదాకా జీవామృతం డ్రమ్ములో చెయ్యి పెట్టవద్దు.

ఈసారి చుట్ట విప్పింది మా బామ్మర్దే. వీడియో చివర్లో గ్లౌజులు వేసుకొని, చుట్టను కాలితో తొక్కి పట్టినాయన ఆయనే. తీగ తెంపే ముందు నా దిక్కు చూసి, "బావా, నువ్వు ఇంకో రెండడుగులు వెనక్కి జరుగు" అన్నడు.