ఒకసారి నింపింది మళ్లీ ఎందుకు టైపు చేయాలి?

పీడీఎఫ్ ఫారాన్ని కంప్యూటర్‌లోనే నింపుతాం. అయినా ప్రింటు తీసి ఆఫీసులో ఇస్తే అక్కడ మళ్లీ టైపు చేస్తారు. ఎందుకిలా?

ఆ ఫారంలో గళ్లున్నాయి గానీ, నింపిన సమాచారం ఎక్కడికి వెళ్లాలో ఎవరూ రాసి పెట్టలేదు గనక. కాగితం ఫారాలదీ ఇదే కథ. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా తెలంగాణ ప్రభుత్వం పథకాలకు దరఖాస్తులు తీసుకున్న ప్రజాపాలన కార్యక్రమం గుర్తుందా? మన హనుమకొండతో సహా రాష్ట్రమంతటా జనం చేత్తో నింపి ఇచ్చినవి కోటికి పైగా దరఖాస్తులు. ఆ తర్వాత ఆపరేటర్లు కూర్చుని వాటిని కంప్యూటర్లోకి ఎక్కించారు. ఇలా రెండుసార్లు రాసేచోట ఇంటిపేరులో ఒక్క అక్షరం మారినా, ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది దరఖాస్తు పెట్టినవాళ్లే.

మరి నేరుగా పంపడం ఎలా?

1996లో వచ్చిన పీడీఎఫ్ 1.2 నుంచే దారి ఉంది. ఫారంలో ప్రతి గడికీ ఒక పేరు ఉంటుంది. సబ్మిట్ బటన్‌కు సర్వర్‌లోని స్క్రిప్టు చిరునామా ఇస్తే, నొక్కగానే గడి పేరూ అందులో రాసిందీ జంటగా అక్కడికి చేరతాయి. మామూలు వెబ్ ఫారంలాగానూ పంపవచ్చు. తెలుగు ఫారానికి మాత్రం నా ఓటు ఎక్స్‌ఎఫ్‌డీఎఫ్ అనే పద్ధతికే. అది ఎక్స్‌ఎంఎల్ గనక యూనికోడ్ అక్షరాలు చెదరవు. కాకపోతే స్క్రిప్టును పీహెచ్‌పీలో రాస్తే అది పోస్ట్ జాబితాలో కనిపించదు. వచ్చిన ముడి పాఠాన్ని స్క్రిప్టే చదువుకోవాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

లక్ష్మి అని కొడితే వత్తులు విడిపోతున్నాయెందుకు?

గడికి తెలుగు ఫాంటు జతచేయకపోయినా, చూపించే సాఫ్ట్‌వేర్‌కు వత్తులు కూర్చడం రాకపోయినా అలాగే అవుతుంది. యూనికోడ్‌లో టైపు చేసి ఉంటే సర్వర్‌కు చేరేది సరిగానే ఉంటుంది. డీటీపీ సెంటర్లో యూనికోడ్ కాని పాత అను ఫాంటులో కొట్టి అతికించారా, చేరేది పిచ్చిగీతలే.

ఇంకో మూడు జాగ్రత్తలు. ఫారంలో పెట్టిన తనిఖీలను ఎవరైనా దాటేయగలరు; ఆధార్‌కు 12 అంకెలు ఉన్నాయో లేదో స్క్రిప్టు మళ్లీ చూడాలి. సబ్మిట్ బటన్‌కు ఇచ్చే చిరునామా హెచ్‌టీటీపీఎస్‌దే కావాలి. ఫోన్లలోని చాలా పీడీఎఫ్ యాప్‌లలో సబ్మిట్ పనిచేయదు, అందుకని పక్కనే వెబ్‌పేజీ కూడా ఉంచాలి.

ఫారాలు తయారుచేసే మిత్రులారా, మీ అమ్మ పేరు తెలుగులో టైపు చేసి పంపండి. అది సర్వర్లో ఎలా చేరిందో కళ్లారా చూశాకే ఫారాన్ని జనానికి ఇవ్వండి.