రియాక్టర్‌కూ తుప్పు గండం!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... పడమటి మండలాల్లో ఏ ఇంటికెళ్లినా బోరునీళ్ల గోలే. కాచిన గిన్నెలో తెల్లటి పొర, నాలుగు రోజులు వాడని కొళాయి తిప్పితే ఎర్రటి తుప్పునీళ్లు. తోమితే గిన్నె శుభ్రపడుతుంది, కాసేపు వదిలేస్తే కొళాయీ తేటపడుతుంది. అదే తుప్పు అణు రియాక్టర్‌ గొట్టాల్లో చేరితే? కొద్దిపాటిదైనా సరే, మరమ్మతులకు వెళ్లే సిబ్బందికి ముప్పే!

ఈ ఊళ్లకు దగ్గర్లో ఉన్న అణువిద్యుత్‌ కేంద్రం తమిళనాడులోని కల్పాక్కం. అక్కడ మొదటి రియాక్టర్‌ 1984లో, రెండోది 1986లో వాణిజ్యపరంగా విద్యుదుత్పత్తి ప్రారంభించాయి. లోపల యురేనియం పుట్టించే వేడిని మోసుకొచ్చేది భారజలం. మన మణుగూరులో తయారయ్యేదీ అదే. ఆ నీరు రియాక్టర్‌లోకి వెళ్లేటప్పుడు మామూలుగానే ఉంటుంది. లోపల న్యూట్రాన్ల దెబ్బకి మారిపోతుంది.

నీటిలోని ఆక్సిజన్‌ నుంచి నైట్రోజన్‌-16 పుడుతుంది. దాని కిరణాలు చాలా తీవ్రమైనవి. కానీ ఏడు సెకన్లకోసారి సగమైపోతుంది. రియాక్టర్‌ ఆపిన రెండు నిమిషాలకు దాదాపు మాయం! భారజలంలోని డ్యుటీరియం మాత్రం ట్రిటియంగా మారుతుంది. అది సగం కావడానికి పన్నెండేళ్లకు పైనే పడుతుంది. నీరు కారితే ఆవిరితో కలిసి ఊపిరిలోకి, చర్మంలోకి చేరుతుంది. 1999 మార్చిలో కల్పాక్కం రెండో యూనిట్లో భారజలం కారినప్పుడు సిబ్బందికి సోకింది ఇదే.

అసలు మొండిఘటం కోబాల్టు-60. వాల్వులు, పంపుల్లోని గట్టి లోహాల్లో మామూలు కోబాల్టు ఉంటుంది. అరిగిన రేణువులు నీళ్లతోపాటు రియాక్టర్‌లోకి వెళ్లి అక్కడ అతుక్కుంటాయి. న్యూట్రాన్లు తగిలి రేడియోధార్మికంగా మారాక ఊడివచ్చి, బయటి గొట్టాల్లో పేరుకుంటాయి. సగం తగ్గడానికి అయిదేళ్లకు పైగా పడుతుంది. అందుకే రియాక్టర్‌ ఆపేసినా గొట్టాల దగ్గర గామా కిరణాలు తగ్గవు. ఎవరు ఎంతసేపు పనిచేయాలో కొలత పెట్టుకుని పంపాల్సి వస్తుంది.

మరి విరుగుడు? ముందు తుప్పు పట్టకుండా చూడటమే! నీటిలో లిథియం కలిపి కాస్త క్షారగుణం ఉండేలా చూస్తారు. ఆక్సిజన్‌ చేరనివ్వరు. ఫిల్టర్లతో, రెజిన్లతో నిరంతరం వడకడతారు. కోబాల్టు తక్కువున్న లోహాలే వాడతారు. అప్పటికీ పేరుకుంటే రసాయనాలతో కడుగుతారు.

విచిత్రమేంటంటే... ఇదే కోబాల్టు-60ని రాజస్థాన్‌లోని రావత్‌భాటా రియాక్టర్లలో కావాలనే తయారుచేశారు. క్యాన్సర్‌ కణాల్ని చంపేందుకు ఆస్పత్రులు వాడే కిరణాలు దాన్నుంచి వచ్చేవే!