అంగడి ఎరువును బాగుచేసికొనుట

పాఠశాల తోటలకును, ఇండ్లలోని కుండీలకును అంగడి ఎరువు సంచులు కొనుట నేడు గ్రామములలో కూడ వాడుకైనది. నారు ఎదుగక ఆకులు పండిపోయినచో మనము విత్తనమును నిందింతుము. దోషము తరచుగా సంచిలోనే యుండును.

సంచిపై ఎరువని వ్రాసియున్నను లోపల పెక్కుసార్లు కొబ్బరి పొట్టే హెచ్చు. కోనసీమ వంటిచోట్ల పీచు తీయగా మిగిలిన పొట్టును దిమ్మెలుగా అచ్చుపోసి అమ్ముదురు. 5 కిలోల దిమ్మె నీట నానినచో 60 లీటర్లకు పైగా ఉబ్బును. ఇది తేమను చక్కగా నిలుపును గాని మొక్కకు ఆహారము నంతగా నీయదు. పచ్చి పొట్టులో నత్రజని 1 పాలుండగా కర్బనము 100 పాళ్లకు మించవచ్చును. దానిని కుళ్లజేయు సూక్ష్మజీవులు మొక్కకు దక్కవలసిన నత్రజనిని తామే తీసికొనును. ఆకులు పండుట కిదియొక కారణము. పొట్టులో ఉప్పును ఉండవచ్చును. మాకు దుకాణదారులపై కినుక లేదు. పొట్టు చెడ్డది కాదు, అదొక్కటే చాలదు.

దిమ్మెను మంచినీట నానబెట్టి, పిండి, ఆ నీటిని పారబోయవలెను. ఇట్లు రెండు మూడు మార్లు చేసిన ఉప్పు చాలవరకు పోవును. బోరు నీరు ఉప్పనైనచోట వాననీరు వాడుట మేలు. పిదప పొట్టు, తోటమన్ను, బాగుగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలుపవలెను. ఎరువు చేతికి వెచ్చగా తగిలినను, పేడవాసన కొట్టినను ఇంకను మాగలేదని యెరుగునది. కుండీకొక పిడికెడు వేపపిండి చాలును.

మీ పంచాయతీకి చెత్తనుండి ఎరువు చేయు షెడ్డున్నచో, అందలి వానపాముల ఎరువును గాజుపెంకులు లేకుండ జల్లించి పశువుల ఎరువునకు బదులు వాడవచ్చును. సంచులు కొనుటకు తీర్మానము చేయుటకు ముందు ఒక్క సంచి తెప్పించి, అందలి ఎరువులో పది పెసలును, ఊరి మన్నులో పది పెసలును నాటి, వారము దినములు చూడుడు.